పన్నెండేళ్లు దాటిన మగపిల్లాడు

మే 21, 2025

పేపర్లో లోపలి పేజీ వార్త. జిల్లాకూ తాలూకాకూ రక్షణాధికారులను ఆరు వారాల్లోగా గుర్తించి నియమించాలని నిన్న సుప్రీంకోర్టు రాష్ట్రాలను ఆదేశించింది. గృహహింస చట్టం 2005 నాటిది. అమల్లోకి వచ్చింది 2006 అక్టోబర్ 26న. పిల్ల డిగ్రీలో చేరే వయసుకొచ్చాక బారసాల మాట ఎత్తినట్టుంది.

మా దగ్గర అధికారి అంటూ లేకపోలేదు. జిల్లా సంక్షేమ అధికారికే ఈ హోదా కూడా తగిలించారు. అంగన్‌వాడీలు ఆవిడవే, దివ్యాంగుల పరికరాలు ఆవిడవే, వృద్ధులు ఆవిడే, బాల్యవివాహం ఆపడానికి జీపెక్కి పరిగెత్తేదీ ఆవిడే. కలెక్టరు గారి వీడియో కాన్ఫరెన్సు సంగతి సరేసరి. వీటి మధ్య ఒకామె వచ్చి కొంగు పక్కకు తీసి దెబ్బలు చూపిస్తే, కూర్చోబెట్టి డీఐఆర్ రాయాలి. ఇంట్లో జరిగిందంతా ఒక ఫారంలో నింపి మెజిస్ట్రేటుకు పంపే నివేదిక అది. కొట్టడం, లైంగిక హింస, తిట్లు, డబ్బు ఇవ్వకపోవడం, కట్నం... అన్నిటికీ వేరే వేరే గళ్లుంటాయి. తేదీలు అడుగుతుంది ఫారం. పదేళ్లుగా తన్నులు తింటున్న మనిషికి తేదీలేం గుర్తుంటాయి? "పెద్దపిల్ల కడుపులో ఉన్నప్పుడు", "బోరు ఎండిపోయిన ఏడు" అంటుంది. దాన్ని గళ్లలోకి పట్టించాలంటే రాసేవాళ్లకు తీరిక కావాలి. మా అధికారికి మనసు ఉంది, తీరిక లేదు.

జూన్ 10

ఎల్లుండి బడులు తెరుస్తారు. కోర్టు ఆవరణలో న్యాయసేవా సంస్థ బల్ల దగ్గర కూర్చుని ఉంటే ఒకామె ఇద్దరు పిల్లల్తో వచ్చింది. చేతిలో బియ్యం సంచి. అందులో బట్టలు, ప్లాస్టిక్ కవర్లో ఆధార్ కార్డులు, పిల్లాడి బోనఫైడ్. ఎడమ చెవి దుద్దు లేదు, తమ్మె చిరిగి నెత్తురు ఎండిపోయింది. పొద్దున్నుంచీ ఏమీ తినలేదని పిల్ల చెప్పింది, తల్లి చెప్పలేదు.

సాయంత్రం, హింస పడ్డ ఆడవాళ్లకు సర్కారు తలదాపిచ్చే సఖి కేంద్రానికి తీసుకెళ్లాను. అక్కడి కేస్ వర్కరు మంచి పిల్ల. ముందు టీ, బిస్కెట్లు తెప్పించింది. చెవికి మందు రాసింది. తర్వాత రిజిస్టరు తెరిచి పేర్లు రాస్తూ మగపిల్లాడి వైపు చూసి ఆగింది. పెదవి మీద నూనూగు మొదలైంది వాడికి.

"బాబుకు ఎన్నేండ్లమ్మా?"

"పదమూడు పడ్డయి."

ఆ అమ్మాయి పెన్ను మూత పెట్టి నా వైపు చూసింది. నిబంధన నాకూ తెలుసు. సఖిలో ఆశ్రయం గరిష్ఠంగా ఐదు రోజులు. తల్లితో ఆడపిల్లలు ఏ వయసు వాళ్లయినా ఉండొచ్చు. మగపిల్లలకు మొదట ఎనిమిదేళ్లు హద్దు. మిషన్ శక్తి మార్గదర్శకాల్లో దాన్ని పన్నెండు చేశారు. ఆ పైబడితే బాలల సంక్షేమ కమిటీ ముందు పెట్టి బాలుర హోంకు పంపాలి.

నిబంధనలో అర్థం లేదనను. పడకలున్నది ఒకే గదిలో. పక్క మంచం మీద ఎవరి చేతుల్లోనో నలిగిపోయి వచ్చిన పద్దెనిమిదేళ్ల పిల్ల పడుకుని ఉంటుంది. ఆమెకు మగగొంతు వినిపిస్తేనే వణుకు. కానీ ఈ తల్లి అన్న మాటకు మా ఇద్దరి దగ్గరా జవాబు లేదు. "రాత్రి ఆడే అడ్డమొచ్చి తండ్రి చెయ్యి వట్టుకున్నడు మేడం. ఆన్ని ఒక్కన్నే యాడికి తోలాలె?"

పిల్లాడు గోడ మీద బొమ్మలు చూస్తున్నట్టు నటిస్తున్నాడు. ఆమె సంచి చేతికి తీసుకుంది. చెల్లెలి ఇంటికి పోతానంది. చెల్లెలిది ఒంటి గది ఇల్లు, ఆ మొగుడూ తాగుతాడని దారిలో చెప్పింది.

జూన్ 11

రాత్రి సరిగ్గా నిద్ర పట్టలేదు. మేడ మీదో పక్కనో విడిగా తలుపున్న ఒక గది, దానికో స్నానాల గది. పెద్ద మగపిల్లలున్న తల్లికి కావలసింది అంతే. కొత్త చట్టం అక్కర్లేదు, కొత్త పథకం అక్కర్లేదు.

జూన్ 14

డబ్బు లెక్క చూద్దామని కూర్చున్నాను. 2013లో వెయ్యి కోట్లతో నిర్భయ నిధి పెట్టారు. 2015 ఏప్రిల్ నుంచి సఖి కేంద్రాలకు, 181 హెల్ప్‌లైనుకు అందులోంచి ఇస్తున్నారు. 2022లో వాటన్నిటినీ మిషన్ శక్తి గొడుగు కిందికి తెచ్చి సంబల్, సామర్థ్య అని రెండు భాగాలు చేశారు. సంబల్‌లో సఖి, 181, నారీ అదాలత్, బేటీ బచావో ఉన్నాయి. సామర్థ్యలో శక్తి సదన్లు, ఉద్యోగినుల హాస్టళ్లు, పసిపిల్లల క్రెష్‌లతోపాటు గర్భిణులకిచ్చే మాతృవందన సొమ్ము కూడా ఉంది.

ఈ ఏడాది కేంద్ర బడ్జెట్లో మిషన్ శక్తికి 3,150 కోట్లు. వినడానికి ఘనంగా ఉంటుంది. కాన్పులకిచ్చే మాతృవందన సొమ్ము పెద్ద వాటా తీసుకుపోతుంది. అది ఇవ్వొద్దని ఎవరంటారు? కానీ "మహిళల భద్రతకు మూడు వేల కోట్లు" అని మైకులో చెప్పే పెద్దలు ఈ వివరం మింగేస్తారు. సంబల్ ఖర్చు పూర్తిగా కేంద్రానిది. సామర్థ్యలో అరవై కేంద్రం, నలభై రాష్ట్రం. ఐదు రోజులు సఖిలో ఉన్న మనిషి ఆ తర్వాత వెళ్లాల్సింది శక్తి సదన్‌కే. అంటే ఆమె ఒక పద్దులోంచి ఇంకో పద్దులోకి నడవాలి. అక్కడ రాష్ట్రం వాటా రాకపోతే అద్దె ఆగుతుంది, వంటమనిషి ఆగుతుంది.

కేస్ వర్కరు నిన్న ఫోన్ చేసింది. ఆ తల్లి గురించి అడిగి, చివర్లో నవ్వుతూ, "మేడం, మాకు జీతాలు పడి నెలలైంది, నేనే ఎవరిదన్నా ఇంట్ల తలదాచుకోవాలె" అంది. ఔట్‌సోర్సింగ్ ఉద్యోగం. రాత్రి డ్యూటీ కూడా చేస్తుంది.

జూన్ 18

విజయవాడ నుంచి లాయరు స్నేహితురాలు ఉత్సాహంగా ఫోన్ చేసింది. మొన్న 16న ఆంధ్రప్రదేశ్ హైకోర్టు తీర్పు. పురుషుణ్ణి పెళ్లాడిన ట్రాన్స్ మహిళకు కూడా అత్తింటి హింస మీది 498ఏ రక్షణ వర్తిస్తుందంది. పిల్లలు కనలేదు గనక ఆమె స్త్రీ కాదన్న వాదనను కొట్టేసింది. అయితే ఆధారాలు చాలవని ఆ భర్త మీద కేసును మాత్రం రద్దు చేసింది. సూత్రం గెలిచింది, మనిషి ఓడింది. అయినా ఇది చిన్న సంగతి కాదు. గృహహింస చట్టం కింద ట్రాన్స్ మహిళ భరణం అడగొచ్చని బొంబాయి హైకోర్టు 2023లోనే అంది.

ట్రాన్స్‌జెండర్ వ్యక్తుల చట్టం 2019 ఉంది కదా అంటారు. ఇంట్లోంచి వెళ్లగొట్టినా, కొట్టినా, డబ్బు బిగబట్టినా నేరమే అంటుంది అది. శిక్ష ఆరు నెలల నుంచి రెండేళ్లు. ఇంటివాళ్లతో కలిసి ఉండే హక్కూ రాసింది. ఆ హక్కు అమలు చేయించే అధికారి పేరు మాత్రం గృహహింస చట్టంలో ఉన్నట్టు అందులో లేదు. గరిమా గృహ్ అనే ఆశ్రయాలు కేంద్రం సాయంతో దేశంలో కొన్ని నగరాల్లో నడుస్తున్నాయి. మా బస్టాండు దగ్గర అడుక్కునే రేష్మాకు (ఆమె పెట్టుకున్న పేరు అది కాదు, నేను పెట్టింది) ఆ సంగతి చెబితే, "అక్కా, మా అన్న కొట్టినప్పుడు నేను పోలీస్ స్టేషన్‌కే పోలే. ఆడ ఇంకో నలుగురు కొడ్తరు" అంది.

జూలై 2

ఎండలు పోయాయి, ఉక్క పోలేదు. ఒకాయన ఫుల్ చేతుల చొక్కా వేసుకుని, మణికట్టు దాకా గుండీలు పెట్టుకుని వచ్చాడు. ప్రైవేటు స్కూల్లో లెక్కల మాస్టరు. అరగంట పిల్లల చదువుల గురించి మాట్లాడాడు. నేను ఆపలేదు. ఆడవాళ్లయినా అంతే, మొదట వేరే సంగతులే వస్తాయి. తర్వాత ఎడమ చెయ్యి గుండీ విప్పి చూపించాడు. ముంజేతి మీద ముక్కోణపు మచ్చ. ఇస్త్రీ పెట్టె మొన.

"స్టేషన్‌కు పొయిన మేడం. ఎస్సై గారు చూసి నవ్విండు. కానిస్టేబుల్‌ను పిలిచి మరీ చూపిచ్చిండు."

ఏ స్టేషనో రాయను.

ఈయనకు చట్టంలో ఏముంది? వేడి వస్తువుతో గాయపరిస్తే భారతీయ న్యాయ సంహిత 118 కింద మూడేళ్ల దాకా జైలు. ఆడా మగా తేడా లేదు. హిందూ వివాహ చట్టంలో క్రూరత్వం కింద విడాకులు భర్తా అడగొచ్చు, భార్యా అడగొచ్చు. అంతవరకు బాగుంది. ఏం లేదు? మూడు రోజుల్లో మొదటి వాయిదా లేదు. గృహహింస చట్టం స్త్రీకి ఆ మాట ఇచ్చింది, అరవై రోజుల్లో తేల్చాలని కూడా రాసింది. ఈయనకు ఆ ఇంట్లోనే భద్రంగా ఉండే ఉత్తర్వు లేదు. ఐదు రోజుల మంచం లేదు. 181 లేదు. ఉచిత లాయరు విషయంలోనూ గీత ఉంది. స్త్రీ ఎంత సంపాదించినా న్యాయసేవా సంస్థ లాయరును ఇస్తుంది. మగవాడైతే ఎస్సీ, ఎస్టీ కావాలి, లేదా వైకల్యం ఉండాలి, లేదా ఆదాయం పరిమితిలోపు ఉండాలి, ఇంకా అలాంటివే కొన్ని. ఈయన ఆదాయం పరిమితి దాటింది.

"కేసొద్దు మేడం. ఒక్క నెల పడుకునే జాగ ఉంటే చాలు. పిల్లల్ని రోజూ చూసే దూరంల."

లాడ్జి అద్దె లెక్క కట్టి చూశాడు. బడికి దగ్గర్లో తోటి మాస్టరు గదిలో సర్దుకోమన్నాను. ఆసుపత్రికి వెళ్లి గాయం రాయించుకోమన్నాను. సలహా తప్ప చేతిలో ఏమీ లేని పని ఇది.

ఆయన వెళ్లాక పక్క బల్ల మీది టైపిస్టు, "మగాళ్లకు కూడా చట్టం పెట్టాలండీ, ఈ ఆడవాళ్ల చట్టం తీసేసి" అన్నాడు. మొదటి సగానికి తల ఊపాను. రెండో సగం విననట్టు ఊరుకున్నాను. వినాల్సిన రోజు వస్తే తీరిగ్గా చెబుతాను.

జూలై 11

తండ్రిని కొడుకు కొట్టాడు. డెబ్బై రెండేళ్లు. ఎకరంన్నర కొడుకు పేర రాసిచ్చాక అన్నం పెట్టడం మానేశారు. ఈయనకు దారి ఉంది. 2007 నాటి తల్లిదండ్రులు, వయోవృద్ధుల చట్టం. ఆర్డీవో గారి ట్రిబ్యునల్. నెలకు పదివేల దాకా మనోవర్తి. చూసుకుంటామనే షరతు మీద రాసిచ్చిన ఆస్తిని వెనక్కి తీసుకునే సెక్షన్ 23. లాయరు కూడా అక్కర్లేదు.

మగవాడికి చిన్నప్పుడు పిల్లల హెల్ప్‌లైన్ 1098 ఉంది. అరవై దాటాక ఆర్డీవో ఉన్నాడు. మధ్యలో నలభై ఏళ్లకు పైగా ఇంట్లో ఎవరూ అతన్ని కొట్టరని చట్టం అనుకుంటోంది.

ఆడవాళ్లకైతే ఏ వయసులోనైనా ఒకే చట్టం. 2016లో సుప్రీంకోర్టు "వయోజన పురుషుడు" అనే మాటను నిర్వచనంలోంచి కొట్టేశాక, అత్త కూడా కోడలి మీద ఈ చట్టం కింద వెళ్లొచ్చు. అదే ఇంట్లో అదే కోడలు మామను కొడితే ఆయన వెళ్లలేడు. ఆయన దారి ఆర్డీవో ఆఫీసే.

జూలై 24

మొన్న 22న సుప్రీంకోర్టు, అలహాబాద్ హైకోర్టు గతంలో పెట్టిన మార్గదర్శకాలు 498ఏ కేసుల్లో కొనసాగాలంది. ఫిర్యాదు తర్వాత రెండు నెలలు అరెస్టు లేదు, ఆలోగా కుటుంబ సంక్షేమ కమిటీ మాట్లాడుతుంది. తప్పుడు కేసుల్లో ముసలి అత్తమామలను, పొరుగూళ్లో ఉండే ఆడబిడ్డను ఇరికించడం నేనూ చూశాను. అది కోర్టులు కనిపెట్టిన కథ కాదు. కిందటి డిసెంబరులో తెలంగాణ నుంచి వెళ్లిన ఒక కేసును కొట్టేస్తూ సుప్రీంకోర్టు గట్టిగానే మాట్లాడింది. నిజంగా హింస పడ్డ స్త్రీ నోరు మూసుకోవాలని మేం అనడం లేదని కూడా అదే తీర్పులో రాసింది. మన టీవీలకు ఆ వాక్యం కనపడలేదు.

నా బాధ వేరు. చల్లబడడానికి రెండు నెలలు. సఖిలో మంచం ఐదు రోజులు. మిగతా యాభై ఐదు రోజులు ఆమె ఎక్కడ పడుకోవాలి? జిల్లాలో శక్తి సదన్ ఉంటే అక్కడ. లేకపోతే, ఎవరి మీద ఫిర్యాదు ఇచ్చిందో వాడి ఇంట్లోనే.

ఆగస్టు 8

వరలక్ష్మీ వ్రతం. పేరంటానికి వెళ్లాను. శనగల పొట్లం చేతిలో పెడుతూ ఒకావిడ, "ఒక్క దెబ్బకే పోలీసులా అమ్మా? మా రోజుల్లో..." అంటూ మొదలుపెట్టింది. అందరూ నవ్వారు. నవ్వనివాళ్లు ఇద్దరు. వాళ్లిద్దరూ ఒకరి వైపు ఒకరు చూసుకోలేదు.

ఇంటికొచ్చి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే తీశాను. 2019–21 నాటిది. భార్యను కొట్టడానికి ఏదో ఒక కారణం చాలునని చెప్పిన ఆడవాళ్లు తెలంగాణలోనూ ఆంధ్రలోనూ నూటికి 84 దాకా ఉన్నారు. దేశంలో ఇంత పెద్ద అంకె మరెక్కడా లేదు. భర్త చేతిలో హింస చూశామన్నవాళ్లు తెలంగాణలో నూటికి 37, ఆంధ్రలో 30. దేశం మొత్తం మీద దెబ్బలు తిన్నవాళ్లలో 77 శాతం ఎవరికీ చెప్పలేదు, సాయం అడగలేదు. అడిగినవాళ్లు 14 శాతం. వాళ్లలోనూ ఎక్కువమంది వెళ్లింది పుట్టింటికే. ఠాణా దాకా వెళ్లింది గుప్పెడు మంది.

ఈ సర్వేలో మగవాళ్లను "నిన్నెవరైనా కొట్టారా" అని అడగరు. తన మీద చెయ్యి పడకుండా తానే ముందుగా భర్తను కొట్టిందా అని భార్యనే అడుగుతారు. కొట్టామన్నవాళ్లు నూటికి నలుగురు. ఆ నాలుగు పట్టుకుని మగవాళ్ల బాధ చిన్నదనడం సులువు. నేను అనను. అడగవలసినవాణ్ణి అడగకుండా వచ్చిన అంకె అది. బడ్జెట్ రాసేవాళ్లు సర్వే అంకె చూసి రాస్తారు. ప్రశ్న లేనిచోట పద్దు పుట్టదు.

అలాగని నాలుగునీ ముప్ఫై ఏడునీ ఒకే తక్కెడలో పెట్టి "సమానంగా పంచండి" అనేవాళ్లతోనూ నాకు పేచీయే.

ఆగస్టు 21

ఒక పాత భూమిక సంచిక దొరికింది. ఆ పత్రికవాళ్లు 2006లోనే హైదరాబాదులో ఆడవాళ్ల కోసం హెల్ప్‌లైన్ మొదలుపెట్టారు, ప్రభుత్వం 181 అనకముందే. సంస్థలు ముందు నడిచాయి, సర్కారు వెనక వచ్చింది. మగవాళ్ల విషయంలో ముందు నడిచే సంస్థలేవి? పురుషుల హక్కుల సంఘాలు ఉన్నాయి. ఫోన్ నంబర్లు పెట్టాయి, ధర్నాలు చేస్తాయి. వాటి కరపత్రాలు చదివితే సగానికి పైగా 498ఏను తిట్టడమే. ఇస్త్రీ పెట్టె మచ్చ పడ్డ మాస్టరుకు కావలసిన గది గురించి ఒక్క ముక్క కనపడదు. చందాలు పోగేసి నాలుగు మంచాలు వేస్తే మొదట చేతులు తట్టేది నేనే.

సెప్టెంబర్ 26

న్యూజెర్సీ నుంచి వదిన వీడియో కాల్. వెనక బతుకమ్మలు, గునుగు పూలకు బదులు ఏవో రంగు కాగితాలు. వదిన అక్కడ దక్షిణాసియా మహిళల కోసం పనిచేసే ఒక సంస్థకు తెలుగు దుబాసీగా వెళుతుంది. ఆ రాష్ట్రంలోనే 1985లో మానవి పుట్టింది, అమెరికాలో ఇలాంటి సంస్థల్లో మొదటిది. భర్త ఉద్యోగం మీద ఆధారపడే హెచ్4 వీసా మీద వెళ్లిన మన అమ్మాయిలు బ్యాంకు ఖాతా లేక, పని చేసే అనుమతి లేక, "నిన్ను ఇండియా పంపేస్తా" అనే బెదిరింపు కింద బతకడం ఆవిడ రోజూ వినే కథ.

డబ్బు గురించి అడిగాను. అక్కడి 1994 నాటి చట్టం పేరులో "మహిళలపై హింస" అని ఉన్నా, 2013లో దాన్ని పొడిగించినప్పుడు ఒక షరతు చేర్చారట. ఆ నిధులు తీసుకునే సంస్థ ఆడ, మగ, ట్రాన్స్ అని చూసి ఎవరినీ తిప్పిపంపకూడదు. ఆడవాళ్లకే విడిగా నడపడం అవసరమైతే నడపొచ్చు, కానీ మగవాడు వస్తే దానికి దీటైన సాయం ఇంకో చోటయినా చూపించాలి. "హోటల్ రూం తీసిస్తాంరా. అదే లాయరు, అదే కౌన్సెలర్. షెల్టర్లోకి మాత్రం తీసుకురాం" అంది వదిన. ఆడవాళ్ల తలుపు మూసే ఉంచి మగవాడికి వేరే తలుపు తీయడం. ఇంత తేలిక పనికి మనకు ఇంత రగడ ఎందుకో.

ఇక్కడి నుంచి వెళ్లి అక్కడ భర్త వదిలేసిన అమ్మాయిలకు మన విదేశాంగ శాఖ రాయబార కార్యాలయాల ద్వారా న్యాయసాయం ఇస్తుంది. మనిషికి నాలుగు వేల డాలర్ల దాకా. అక్కడి లాయరు ఫీజులకు అది ఎన్ని గంటలకు సరిపోతుందో వదిన చెప్పింది. రాసుకోలేదు, బాధేసింది.

అక్టోబర్ 5

లండన్‌లోని ఈలింగ్ కథ ఒకటి రాసిపెట్టుకోవాలి, టైపిస్టుకు చెప్పడానికి. సౌతాల్ బ్లాక్ సిస్టర్స్ 1979 నుంచి వలస వచ్చిన ఆడవాళ్ల కోసం పనిచేస్తున్న సంస్థ. స్థానిక కౌన్సిల్ డబ్బిచ్చేది. కౌన్సిల్ ఒకనాడు "సమానత్వం" పేరుతో, ఆడ మగ, రంగు తేడా లేకుండా అందరికీ ఒకే సేవ నడిపే వాళ్లకే డబ్బిస్తామంది. అంటే పంజాబీలోనో ఉర్దూలోనో చెప్పుకునే ఆ ఒక్క చోటూ మూతబడుతుంది. వాళ్లు కోర్టుకెక్కారు. 2008 జూలైలో విచారణ మధ్యలోనే కౌన్సిల్ వెనక్కి తగ్గింది. సమానత్వమంటే ప్రత్యేక సేవలు మూసేయడం కాదని న్యాయమూర్తి తేల్చారు.

అదే ఇంగ్లండు 2021లో చేసిన గృహహింస చట్టంలో బాధితులకు లింగం లేదు. భద్రమైన వసతి చూపించే బాధ్యత స్థానిక కౌన్సిళ్ల నెత్తిన పెట్టారు, మొదటి ఏడాదికి 12.5 కోట్ల పౌండ్లు కూడా ఇచ్చారు. బాధ్యత, డబ్బు ఒకే మనిషి చేతిలో. ఈ ఒక్కటి మనం నేర్చుకుంటే చాలు. మా జిల్లా పరిషత్తు బడ్జెట్లో ఆశ్రయం అనే పద్దు నేను చూడలేదు.

నవంబర్ 19

పురుషుల దినోత్సవం. వాట్సాప్ నిండా మీసాల బొమ్మలు, ఆత్మహత్యల అంకెలు. 2021లో ప్రాణాలు తీసుకున్న వివాహిత పురుషులు 81,063, వివాహిత స్త్రీలు 28,680. క్రైం బ్యూరో అంకెలే, తప్పు లేదు. వీటితోనే పురుషుల కమిషన్ కావాలని ఒకరు సుప్రీంకోర్టుకు వెళితే 2023 జూలైలో కోర్టు ఒప్పుకోలేదు. ఒక వైపే చూపిస్తున్నారంది.

ఆ ఎనభై ఒక్క వేల మందిలో అప్పుల రైతులున్నారు, తాగుడుకు బలైనవాళ్లున్నారు, జబ్బుపడ్డవాళ్లున్నారు. అందరినీ భార్యల ఖాతాలో రాయడం అబద్ధం. కానీ ఇంట్లో బాధ బయట చెప్పుకునే చోటు లేక పోయినవాడు ఒక్కడూ లేడనడం కూడా అబద్ధమే. కమిషన్ వేస్తే చైర్మనుకు కారు వస్తుంది. నాకు కావలసింది జిల్లా ఆసుపత్రిలో మగవాడు కూర్చుని చెప్పుకునే ఒక కౌన్సెలరు, జీతం నెలనెలా పడే కౌన్సెలరు.

మాస్టరు ఫోన్ చేశాడు. విడాకులకు వేశాడట. ఆదివారాలు పిల్లల్ని చూస్తున్నాడు.

నవంబర్ 25

మహిళలపై హింస నిర్మూలన దినం. కలెక్టరేట్‌లో ర్యాలీ, ఫ్లెక్సీ, ప్రతిజ్ఞ. టైపిస్టు పక్కన నిలబడ్డాడు. ఎట్టకేలకు చెప్పాను. ఆడవాళ్ల చట్టం జోలికి పోవద్దు, సఖి పద్దులోంచి పైసా తీయొద్దు. అది ఇప్పటికే జీతాలకు చాలడం లేదు. మగవాడికి, ట్రాన్స్ మనిషికి, పన్నెండేళ్లు దాటిన పిల్లాడికి వేరే పద్దు రాయండి, కొత్త డబ్బుతో. పేదింటి ఇద్దరు పిల్లలకు ఒక రొట్టె పంచి సమానత్వం అనకండి. ఆయన, "ఆ మాట మీరు మైకులో చెప్పాలండీ" అన్నాడు. మైకు అధ్యక్షుల వారి చేతిలో ఉంది.

నవంబర్ 30

ఈ కాగితాలు పత్రికకు పంపుతున్నాను గనక పనికొచ్చే నాలుగు ముక్కలు. ఆడవాళ్లకు 181, ఇరవై నాలుగు గంటలూ. ఉచిత న్యాయసాయానికి ఎవరైనా 15100. పెద్దవాళ్లకు 14567. మనసు కుంగితే ఆడా మగా ఎవరైనా 14416. ప్రాణం మీదికొస్తే 112. పంచాయతీ ఆఫీసు గోడ మీద, బడి స్టాఫ్ రూంలో, మంగలి షాపు అద్దం పక్కన రాయించండి. మీ జిల్లాలో శక్తి సదన్ ఎక్కడుందో, సఖి సిబ్బందికి చివరి జీతం ఏ నెల పడిందో సమాచార హక్కు కింద ఒక దరఖాస్తు పెట్టి అడగండి. ఫీజు పది రూపాయలు.